కొలతల నియమం, పోటీ న్యాయం: బ్యాటు నుంచి చక్రం దాకా

ఉపోద్ఘాతం

పోటీలో గెలుపు ఆటగాడిదా, అతని పనిముట్టుదా అన్న ప్రశ్న నుంచే కొలతల నియమాలు పుట్టాయి. ఉప్పల్ క్రికెట్ మైదానంలో వాడే ఏ బ్యాటైనా 10.8 సెంటీమీటర్ల వెడల్పు దాటరాదు. ఈ హద్దుకు మూలం 1771లో ఇంగ్లండులో జరిగిన ఒక ఆట. చెర్ట్సీ జట్టుకు చెందిన థామస్ వైట్ వికెట్లంత వెడల్పున్న బ్యాటుతో బరిలోకి దిగాడు. ప్రత్యర్థులైన హాంబుల్డన్ ఆటగాళ్లు అభ్యంతరం తెలిపి, 4.25 అంగుళాల హద్దును రాతపూర్వకంగా కోరారు. 1774 నాటి నియమావళిలో అది చేరింది. ముందు ఉపాయం, తరువాత హద్దు. చక్రాల విషయంలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది.

ఆరు చక్రాల కారు

1970లలో ఫార్ములా వన్ నియమావళి కారు ముందు రెక్క వెడల్పును పరిమితం చేసింది గాని, చక్రాల సంఖ్యను నిర్ణయించలేదు. టిరెల్ సంస్థ రూపశిల్పి డెరెక్ గార్డ్‌నర్ ఆ ఖాళీని గుర్తించాడు. ఇతర కార్ల ముందు చక్రాలు 13 అంగుళాలవి కాగా, ఆయన 10 అంగుళాల చక్రాలు నాలుగింటిని రెక్క చాటున అమర్చాడు. 1976 స్వీడన్ గ్రాండ్ ప్రీలో ఆ కార్లే మొదటి రెండు స్థానాలు పొందాయి. అయితే ఆ చిన్న టైరును వాడేది ఒక్క జట్టే కావడంతో, దాని అభివృద్ధి తక్కిన టైర్లతో సమంగా సాగలేదు. 1983 నుంచి నాలుగు చక్రాలే ఉండాలన్న నియమం వచ్చింది.

రాళ్లెక్కే నమూనా బండ్లు

రేడియో నియంత్రణతో నడిచే రాక్ క్రాలర్ పోటీల్లో 1.9, 2.2 అనే తరగతుల పేర్లు రిమ్ము వ్యాసాన్ని అంగుళాల్లో సూచిస్తాయి. ఇక్కడ వేగం కన్నా బండరాళ్లను తడబాటు లేకుండా దాటడమే ప్రధానం. రిమ్మును మాత్రమే కొలిస్తే, అదే రిమ్ముకు ఎత్తైన టైరు తొడగవచ్చు. టైరు వ్యాసం ఒక అంగుళం పెరిగితే ఇరుసు అర అంగుళం పైకి లేస్తుంది. ఎత్తైన రాయి సులువవుతుంది. నడిపేవారి నేర్పుకు దక్కవలసిన ఫలితంలో కొంత టైరు పాలవుతుంది. అందుకే టైరు వెలుపలి వ్యాసానికీ హద్దు పెట్టే నియమావళులున్నాయి.

ముగింపు

ఉప్పల్‌కు పడమరగా, హుస్సేన్ సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఇ పోటీ మరో మార్గాన్ని చూపింది. అన్ని కార్లకూ హాంకుక్ సంస్థ టైర్లే, ఒకే రకానివే. హద్దు గీయడానికి బదులు తేడానే తొలగించడం ఇది. దీనివల్ల ఖర్చు, వివాదం తగ్గుతాయి. టిరెల్ వంటి ప్రయోగానికి మాత్రం తావుండదు. కనుక ఏ నియమావళినైనా అది కొలిచినదానితో పాటు, కొలవకుండా వదిలినదాన్నీ చూసి అంచనా వేయవలసి ఉంటుంది.