త్వచంలో ప్రోబ్ చెప్పిన సాక్ష్యం

కాప్రా, నాచారం ప్రాంతాల్లో ఉండే మీలో చాలామంది హబ్సిగూడ చౌరస్తా మీదుగా తార్నాక వెళ్తూ సీసీఎంబీని చూసే ఉంటారు. 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైన ఈ సంస్థ పేరు చెప్పగానే డీఎన్ఏ వేలిముద్రలు గుర్తుకొస్తాయి. ఈ భాగంలో అంతగా ప్రచారం పొందని మరో పరిశోధన చరిత్రను తెలుసుకుందాం.

కణత్వచం రెండు వరుసల లిపిడ్ అణువులతో ఏర్పడుతుందని 1925లో గోర్టర్, గ్రెండెల్ ప్రతిపాదించారు. దాని మందం సుమారు 5 నానోమీటర్లు మాత్రమే. మామూలు సూక్ష్మదర్శినికి ఈ పొర లోపలి వివరాలు అందవు. అందుకే పరిశోధకులు త్వచంలోకి ఒక గూఢచారి అణువును పంపారు. అదే ప్రతిదీప్తి ప్రోబ్. అది కాంతిని గ్రహించి, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెలువరిస్తుంది. ఈ ధర్మానికి స్టోక్స్ 1852లోనే వివరణ ఇచ్చాడు. చుట్టూ నీరు ఉందా, కొవ్వు ఉందా అన్నదాన్నిబట్టి చాలా ప్రోబ్‌ల కాంతి మారుతుంది.

చరిత్ర విద్యార్థులుగా మీకు ఒక సంగతి తెలుసు. శాసనం దొరికిన చోటే అది మొదట నాటిన చోటు కాకపోవచ్చు. ప్రోబ్‌ల విషయంలోనూ సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది.

ఎన్‌బీడీ అనే ప్రోబ్‌ను తీసుకోండి. దీన్ని లిపిడ్ తోక చివర అతికిస్తే త్వచం మధ్యలో ఉంటుందనీ, అక్కడి సమాచారమే చెబుతుందనీ అనుకోవడం సహజం. కానీ ఎన్‌బీడీ ధ్రువ స్వభావం గలది. కొవ్వు మధ్య ఇమడలేదు. తోక ఎటూ వంగగలదు కనుక అది మడతపడి, ఎన్‌బీడీని నీటికి దగ్గరగా ఉపరితలానికి చేరుస్తుంది. అంటే లోతు గురించి చెబుతోందనుకున్న సాక్షి నిజానికి గడప దగ్గర నిలబడి మాట్లాడుతోంది!

దీన్ని తేల్చడానికి అమెరికాలోని స్టోనీ బ్రూక్‌లో అమితాభ చట్టోపాధ్యాయ, ఎర్విన్ లండన్ 1987లో 'పారలాక్స్' పద్ధతిని ప్రకటించారు. ప్రోబ్ కాంతిని ఆర్పే స్పిన్ లేబుళ్లను త్వచంలో రెండు వేర్వేరు లోతుల్లో అమరుస్తారు. ఏ లోతులోని లేబుల్ ఎంత కాంతిని ఆర్పిందో పోల్చి, ప్రోబ్ ఎంత లోతున ఉందో లెక్కగడతారు. ఇంతటి సులువైన ఆలోచన అంతకుముందే రాకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చట్టోపాధ్యాయ తర్వాత సీసీఎంబీలో చేరి మరో ప్రశ్న వేశారు. ప్రోబ్ ఎక్కడ ఉందో తెలిసింది; మరి దాని చుట్టూ ఉన్న నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోంది? మామూలు ద్రావణంలో నీటి అణువులు ఉత్తేజిత ప్రోబ్ చుట్టూ క్షణంలో సర్దుకుంటాయి. కాబట్టి ఏ తరంగదైర్ఘ్యంతో ఉత్తేజపరిచినా ఉద్గార శిఖరం మారదు. నీరు నెమ్మదిగా కదిలే ఇరుకుచోట అలా కాదు. శోషణ పటం ఎర్ర అంచున ఉత్తేజపరిస్తే, చుట్టూ నీరు అప్పటికే అనుకూలంగా అమరి ఉన్న ప్రోబ్‌లే ఎంపికవుతాయి. దాంతో ఉద్గారం కూడా ఎరుపు వైపు జరుగుతుంది. గాఢద్రవాల్లో, గడ్డకట్టిన ద్రావణాల్లో ఈ విషయం 1970 నుంచే తెలుసు. 1993లో చట్టోపాధ్యాయ, ముఖర్జీ దీన్ని త్వచాలకు అన్వయించారు. తలభాగానికి ఎన్‌బీడీ కట్టిన లిపిడ్‌లో శిఖరం 10 నానోమీటర్లు జరిగింది. త్వచం ఉపరితలం దగ్గర నీరు స్వేచ్ఛగా లేదని దీని అర్థం.

1999లో ఇదే పద్ధతిని వారు కొలకడ్డీలా వాడారు, లారీ ఇంజన్‌లో ఆయిల్ చూసే కడ్డీ లాగా. ఈసారి ప్రోబ్ ఆంథ్రాయిలాక్సీ. దాన్ని స్టియరిక్ ఆమ్లం గొలుసులో ఒకసారి 2వ కార్బన్‌కూ, మరోసారి 12వ కార్బన్‌కూ కట్టారు. ఎన్‌బీడీలా ఇది పైకి మడతపడదు, కట్టిన లోతుకు తగ్గట్టే ఉంటుంది. 2వ కార్బన్ దగ్గర, అంటే ఉపరితలానికి చేరువలో, శిఖరం ఎక్కువగా జరిగింది; 12వ కార్బన్ దగ్గర తక్కువగా జరిగింది.