మొక్కల నానోకణాలతో కీటక నియంత్రణ: గోదావరి లోయ బొగ్గు ప్రాంతం

ఆకు, గింజ, బెరడు రసాలతో తయారైన అతి సూక్ష్మ కణాలను దోమల పిల్లపురుగుల మీద, పంట పురుగుల మీద వాడే పద్ధతి ఇది. ఈ కణాల సైజు 1 నుంచి 100 నానోమీటర్లు; నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ప్రయోగశాలలో ఈ పద్ధతికి ఇంకా పాతికేళ్లు నిండలేదు. దానికి దారి వేసిన వేపగింజ చరిత్ర మాత్రం పాతది. తెలుగునాట అందులో చెప్పుకోదగ్గ ఘట్టం సింగరేణి బొగ్గున్న గోదావరి లోయలోనే జరిగింది.

1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960ల నుంచి రామగుండం పక్కన గోదావరిఖని గని కార్మికుల పట్టణంగా పెరిగింది. క్వార్టర్ల వెనక మోరీలు, నీళ్లు పట్టిన డ్రమ్ములు, మూతలేని ట్యాంకులు దోమలకు అనువైన చోట్లు. మోరీ నీళ్లలో క్యూలెక్స్ పెరుగుతుంది, బోదకాలును మోసేది అదే. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బోదకాలు పీడిత జిల్లాల్లో ఒకటి. మలేరియాను మోసేది అనాఫిలిస్ అని తేలిందీ తెలంగాణలోనే: 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, డీడీటీ ఇంటి గోడల దాకా వచ్చింది. కొన్నేళ్లకే దోమలు దాన్ని తట్టుకోవడం నేర్చాయి. ఊళ్లలో వావిలాకు, యాపాకు పొగ వేయడం అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది.

వేప మీద శాస్త్రవేత్తల కన్ను పడింది మిడతల వల్ల. 1959లో సూడాన్‌లో మిడతల దండు చుట్టుపక్కల పచ్చదనమంతా తిని వేపచెట్లను వదిలేయడం జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టరర్ గమనించాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం వేపగింజల ద్రావణం చల్లిన పైరును మిడతలు ముట్టవని చూపింది. 1968లో అందులోని అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. అది పురుగుకు తిండి మీద విరక్తి పుట్టిస్తుంది, కుబుసం విడిచే హార్మోన్లను చెడగొడుతుంది. దాని బలహీనత ఒక్కటే, ఎండ తగిలితే కొద్దిరోజుల్లో విరిగిపోతుంది.

ఈ జ్ఞానం పొలానికి చేరడానికి ఒక విపత్తు కావలసి వచ్చింది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పురుగుమందు ఎంత కొట్టినా లద్దెపురుగు చావలేదు; అప్పులపాలైన పత్తి రైతులు ఆ మందే తాగి చనిపోయారు. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడేనికి దగ్గర్లో, పాల్వంచ మండలం పునుకుల రైతులదీ అప్పుడు అదే అప్పుల బతుకు. అక్కడ 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ కొద్దిమందితో మందుల్లేని సాగు మొదలుపెట్టించింది. అయిదారేళ్లు తిరగకుండానే ఊరంతా రసాయన మందులు మానేసింది. మందుల బదులు కొట్టే వేపగింజల కషాయం తయారీలో దాపరికమేమీ లేదు. ఎండిన వేపగింజల పప్పు అయిదు కిలోలు పొడికొట్టి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెడతారు. పొద్దున పిండి వడగట్టి, ఆకుకు అంటుకోవడానికి కాస్త సబ్బుపొడి కలిపి, మొత్తం వంద లీటర్లు చేస్తారు. కొట్టేది మాత్రం సాయంత్రమే, ఎండకు పనికిరాకుండా పోతుందని. గింజలు ఏరడం, పొడి కొట్టడం ఆడవాళ్లకు కూలిపని అయింది. ఇదే బాటలో 2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా సుస్థిర వ్యవసాయాన్ని ఇతర జిల్లాలకు తీసుకెళ్లింది.

రామగుండంలో వేప మరో రూపంలో కనిపిస్తుంది. బొగ్గుతో నడిచిన అక్కడి పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. దాని స్థలంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారం గ్యాస్‌తో నడుస్తుంది, వేపపూత యూరియా చేస్తుంది. ఈ పూత పురుగును చంపడానికి కాదు, నత్రజని నెమ్మదిగా విడుదల కావడానికి. అయినా వేపనూనెను ఇంత పెద్ద ఎత్తున వాడే చోటు ఈ బొగ్గు ప్రాంతంలో ఇంకొకటి లేదనే చెప్పాలి.

ఇక నానోకణాలు. అల్ఫాల్ఫా మొక్కలు బంగారు, వెండి కణాలను తయారు చేయగలవని 2002-03లో టెక్సాస్‌లోని గార్డియా-టోరెస్‌డే బృందం చూపింది. 2004లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతోనే ఆ పని చేసింది. 2011లో తిరుపతి నుంచి మునగాకు రసంతో వెండికణాలు చేసిన పరిశోధన వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మేల్‌విషారం పరిశోధకులు తామరాకుతో చేసిన కణాలను మలేరియా, బోదకాలు దోమల లార్వాల మీద పరీక్షించారు.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. ఆకులను ఉడికించి వడగట్టిన లేత పసుపు నీటిలో పలచటి సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోస్తే, చూస్తుండగానే రంగు ముదిరి కాఫీరంగు దిగుతుంది. ఆకులోని ఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు వెండి అయాన్లను లోహంగా మార్చి, గుంపుకట్టకుండా పట్టి ఉంచుతాయి. ఈ కణాలు లార్వా ఒంట్లోకి చొరబడి ప్రొటీన్లలోని గంధకానికి, డీఎన్ఏలోని ఫాస్ఫరస్‌కు అంటుకుంటాయి.

అంటే ఇక్కడ చంపే పని చాలావరకు వెండిదే, ఆకుది తయారీ పని. మొక్కతో చేసిందనే పేరు మీద దీన్ని వేపకషాయం పక్కన నిలబెట్టడం సరికాదు. అజాడిరక్టిన్ నాలుగు రోజుల ఎండకు విరిగిపోతుంది, వెండి విరగదు. మోరీ నుంచి చెరువుకు, చెరువు నుంచి చేపకు పోగలదు. ఈ లెక్కన వెల్లూరులోని ఒక విశ్వవిద్యాలయంలో చేసిన పని ఎక్కువ ఆశాజనకం. అక్కడ లోహం జోలికి పోకుండా వేపనూనెనే నానో చుక్కలుగా విడగొట్టారు. 2012లో వచ్చిన ఆ పరిశోధనలో చుక్క ఎంత చిన్నదైతే క్యూలెక్స్ లార్వాల మీద అంత బాగా పనిచేసింది. అన్నిటికన్నా చిన్నది దాదాపు 31 నానోమీటర్లు.

పరిశోధన వ్యాసాలు వందల్లో ఉన్నా వాడకం అంతంతే. నానో వ్యవసాయ ఉత్పత్తుల మదింపుకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. దోమల లార్వాలకు ప్రభుత్వ సిబ్బంది వాడేవి మాత్రం టెమిఫాస్ మందు, బీటీఐ బాక్టీరియా, గంబూసియా చేపలు. పత్తి రైతు దుకాణానికి వెళ్లి అడిగేది అజాడిరక్టిన్ 1500 పీపీఎం ఉన్న వేపనూనె.