విక్టోరియా యుగ నవలలో కలిమిలేములు – ధాత కరువు నాటి పెనుకొండ సీమ

ప్రవేశిక

1876లో భారత రాజప్రతినిధిగా వచ్చిన లిట్టన్ ప్రభువు ఒక నవలాకారుని కుమారుడు. తండ్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ చార్లెస్ డికెన్స్‌కు ఆప్తమిత్రుడు. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవల ముగింపును మార్పించినవాడు కూడా ఆయనే. కుమారుడు స్వయంగా ఓవెన్ మెరిడిత్ అనే కలం పేరుతో కవిత్వం రాశాడు. అతన్ని ఆ పదవికి ఎంపిక చేసిన ప్రధానమంత్రి డిజ్రేలీ మరొక నవలాకారుడు. ధనికులూ దరిద్రులూ ఒకే రాణి ఏలుబడిలో ఒకరినొకరు ఎరుగని రెండు జాతులుగా బతుకుతున్నారన్న ఊహను 1845లో ‘సిబిల్’ నవల ద్వారా ఇంగ్లండులో ప్రచారంలోకి తెచ్చినది ఆయనే. పేదరికాన్ని గురించి ఇంత రాసిన, చదివిన తరం చేతిలో అధికారం ఉండగానే ధాత కరువు వచ్చింది. ఇంగ్లీషు సాహిత్య పాఠ్యగ్రంథాలలో ఈ రెండు విషయాలు పక్కపక్కన కనబడడం అరుదు.

నవలలోని పేదవాడు

1834 నాటి కొత్త పేదల చట్టం విక్టోరియా యుగ నవలకు ఒక విధంగా పుట్టినిల్లు. సహాయం కోరే పేదవానికి అందేది, కూలి చేసుకొని బతికే అతి నిరుపేద పొందేదానికన్న తక్కువగా ఉండాలన్నది ఆ చట్టానికి మూలసూత్రం. అలా లేకపోతే జనం సోమరులవుతారని పాలకుల భయం. అందుకే సహాయానికి ముందు పరీక్ష పెట్టారు. శ్రమశాలలో చేరి, కుటుంబం విడిపోవడానికి సిద్ధపడినవాడే నిజమైన పేదవాడు. 1837లో ధారావాహికగా మొదలైన ‘ఆలివర్ ట్విస్ట్’లో పిల్లవాడు గిన్నె పట్టుకొని మరికొంత గంజి అడగడం ఈ సూత్రానికి ఎదురైన మొదటి ప్రశ్న. 1854 నాటి ‘హార్డ్ టైమ్స్’లో లెక్కలే సత్యమని నమ్మే గ్రాడ్‌గ్రైండ్ రూపంలో డికెన్స్ ఆ ఆర్థికశాస్త్రాన్నే ఎండగట్టాడు. ఎలిజబెత్ గాస్కెల్ ‘మేరీ బార్టన్’ (1848) మాంచెస్టరు మిల్లు కార్మికుల ఆకలిని ఇంటి లోపలినుంచి చూపింది.

అయితే ఈ నవలలన్నిటిలో ఒక హద్దు కనిపిస్తుంది. దారిద్ర్యానికి కారణం వ్యవస్థలో ఉందని కథ చెబుతుంది. పరిష్కారం మాత్రం ఒక మంచి మనిషి గుండెలో దొరుకుతుంది. స్క్రూజ్ మనసు మారితే క్రాచిట్ ఇంట పండుగ జరుగుతుంది. వ్యవస్థను మార్చే చేయి నవలలో ఎవరికీ లేదు.

ధాత నామ సంవత్సరం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పటికి బళ్ళారి జిల్లాలోనివి. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. విజయనగరం పతనం తరువాత రాయల వంశం కొలువుదీరిన పెనుకొండ అప్పటికి శిథిల వైభవం. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) లాంకషైరు మిల్లులకు పత్తి కరవై ధర పెరిగినప్పుడు లాభం ఎక్కువగా ఉత్తరాన నల్లరేగడి నేలలకు దక్కింది. దక్షిణాన ఎర్రనేలల్లో రాగి, కొర్ర, చెరువు కింద కొంత వరి. ఆ కలిమి ఈ మూడు తాలూకాల గడప అంతగా తొక్కలేదనే చెప్పాలి.

1876లో రెండు రుతుపవనాలూ తప్పాయి. చెరువులు ఎండాయి. ఈ సీమకు ప్రత్యేకమైన కష్టం ఒకటి ఉంది. మద్రాసు–రాయచూరు రైలుమార్గం గుత్తి, గుంతకల్లు మీదుగా పోతుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను బెంగుళూరుతో కలిపిన గుంతకల్లు మార్గం వచ్చింది 1890ల తొలి సంవత్సరాలలోనే. కనుక రైలుదిగిన గింజ ఎద్దుబండి మీద చేరవలసిందే. మేతలేక ఎద్దులు చస్తున్నప్పుడు బండి ఎవరు లాగాలి? ధాన్యం ఎక్కడ ధర పలికితే అక్కడికి దానంతటదే ప్రవహిస్తుందని స్వేచ్ఛావాణిజ్య సిద్ధాంతం చెప్పింది. ఎద్దు ఆ సిద్ధాంతంలో లేదు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు మొదట్లో ఆర్బత్‌నాట్ కంపెనీ ద్వారా రహస్యంగా సుమారు 30,000 టన్నుల ధాన్యం కొనిపించాడు. రాజప్రతినిధి ప్రభుత్వం దానిని తప్పుపట్టింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటుతూ మహాదర్బారు జరిగింది. ఆ నెలలోనే ఖర్చు తగ్గించే బాధ్యతతో సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చాడు.

టెంపుల్ వ్యక్తిత్వం ఆలోచింపదగినది. 1874 బీహారు కరువులో ఉదారంగా ధాన్యం తెప్పించి ప్రాణాలు కాపాడినవాడు అతడే. దానికి దుబారా అన్న నింద మోశాడు. మద్రాసు రాజధానిలో అదే మనిషి వయోజన పురుషునికి రోజుకూలిని ఒక పౌను ధాన్యం విలువ, దానిపై అర అణాగా కుదించాడు. శ్రమచేసే శరీరానికి ఇది చాలదని రాజధాని పారిశుధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలిని పెంచక తప్పలేదు. ఊరికి దూరంగా ఉన్న పెద్ద పనులకు పోవడానికి ఇష్టపడినవాడే నిజమైన క్షామపీడితుడన్న దూరపరీక్ష కూడా అమలైంది. ఇది శ్రమశాల పరీక్షకు మరో రూపం. ‘ఆలివర్ ట్విస్ట్’ చదివి కన్నీరు పెట్టిన తరగతివారే ఆ నవల దుయ్యబట్టిన సూత్రాన్ని రాతినేల మీద రాళ్ళు కొట్టే కూలీలకు వర్తింపజేశారు. దీనిని కపటమని తేల్చివేయడం సులభం. కాని ఆ నవలలు పాఠకునికి నేర్పినది కళ్ళెదుట ఉన్న ఒక పిల్లవాని మీద జాలి. లెక్కల పట్టికలో ఉన్న లక్షలమందిని చూడడం అవి నేర్పలేదు.

ఆ జాలి ఫలం కూడా సీమకు అందింది. లండన్ నగర మేయరు ఆధ్వర్యంలో మేన్షన్ హౌస్ నిధికి ఇంగ్లండు ప్రజలు విరివిగా చందాలిచ్చారు. విత్తనాలకు, ఎద్దులకు, కూలిన ఇళ్ళకు, పనికి బయటికి రాలేని ఘోషా స్త్రీలకు ఆ సొమ్ము ఉపయోగపడింది. ఈ ఉద్యమంలో పాల్గొన్న పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాల చరిత్ర ప్రకటించి, ప్రభుత్వ విధానాన్ని విమర్శించాడు.

ధర్మవరం మగ్గం ముందు ‘సైలస్ మార్నర్’ (1861)ను ఉంచి చదవడం ఉపయోగకరం. జార్జ్ ఎలియట్ సృష్టించిన చేనేత కార్మికుడు ఏళ్ళ తరబడి నేసి బంగారు నాణేలు కూడబెడతాడు, పోగొట్టుకుంటాడు, చివరికి ఒక బిడ్డను పెంచి నిజమైన సంపదను కనుగొంటాడు. నూలుకు సావుకారు మీద, అమ్మకానికి మళ్ళీ సావుకారు మీద ఆధారపడే నేతగానికి కూడబెట్టే ఆ తొలి అంకమే దక్కదు. కరువులో రైతు మొదట మానుకొనేది కొత్తబట్ట. అందుచేత పొలంలేని సాలె ఇల్లు రైతు ఇంటికన్న ముందే పస్తుండేది.

తెలుగు నవల చూపు

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడసాగింది, అంటే కరువు తగ్గీతగ్గని రోజులలో. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దీనికి ప్రేరణ. ధవళేశ్వరం గృహస్థు పొగడ్తలకు పొంగి, బంగారం చేస్తానన్న కపటయోగిని నమ్మి సర్వం పోగొట్టుకుంటాడు. దీని ఇంగ్లీషు అనువాదం 1887లో ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో లండన్‌లో అచ్చయింది. ఇక్కడ లేమికి మూలం వివేకలోపం. శిస్తు, వర్షం, గింజ ధర కథలోకి రావు. గోదావరి ఆనకట్ట కింద పెరిగిన రచయితకు పెన్న ఒడ్డు కనబడకపోవడం వింత కాదు. ధర్మవరాన్ని ఇంటిపేరులో నిలుపుకొన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో తెలుగు నాటకానికి విషాదాంతాన్ని అలవరచాడు. ఆ విషాదం మాత్రం రాజాంతఃపురంలోనే జరిగింది.

కరువు కథావస్తువై నిలవడానికి చాలా కాలం పట్టింది. 1950లలో గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరిన తరువాత విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ వచ్చింది. అటుపిమ్మట సింగమనేని నారాయణ వేరుశనగ సేద్యాన్ని ‘జూదం’ అన్నాడు. విక్టోరియా యుగ నవలలో జూదమాడేవాడు ఆస్తి మిగిలిన వారసుడు, లేదా ట్రోలోప్ చిత్రించిన మెల్మాట్ వంటి రైల్వే వాటాల వ్యాపారి. సింగమనేని కథలో పందెం విత్తనకాయలు. అవతల కూర్చొన్నది వాన.