లేచేది గాల్లోకి, పట్టుబడేది నేల మీద

పొద్దు గుంకడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచున, తూర్పు కొసన, డెజర్ట్ వ్యూ దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాం మనం. 7,400 అడుగుల ఎత్తు. ఎండలో చొక్కా చాలు. పక్కనున్న రాతి బురుజు నీడలోకి రెండడుగులు వేస్తే మాత్రం స్వెట్టర్ వెతుక్కోవాలి. ఆ బురుజు చూడ్డానికి వెయ్యేళ్ళ కిందటిదిలా ఉంటుంది గానీ 1932లో మేరీ కోల్టర్ అనే ఆర్కిటెక్టు కట్టించింది. బయట మొరటు రాయి, లోపల ఉక్కు చట్రం. మిగతా వ్యూపాయింట్లలో నది కనపడీ కనపడక దోబూచులాడుతుంది. ఇక్కడ అలా కాదు, కొలరాడో ఒంపు తిరగడం సాంతం కనిపిస్తుంది.

చుట్టూ స్పానిష్, చైనీస్, జర్మన్. వాటి మధ్యలోంచి ఉన్నట్టుండి, "ఒరే, అంచుకు పోవద్దురా!" తిరిగి చూడక్కర్లేదు, మనవాళ్ళే. సెలవులొస్తే వెగాస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, క్యానియన్ చూసుకుని పేజ్ ఊరి మీదుగా చుట్టి వచ్చే ఈ దారిలో తెలుగు వినపడని పార్కింగు ఉండదు. మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన, చీర మీద కోటు తొడుక్కుని కాళ్ళకు స్పోర్ట్స్ షూ వేసుకున్న ఆవిడ, ముప్ఫై లోపు కొడుకు.

"మన గండికోట మాదిరే ఉంది గదరా," అంటున్నాడు పెద్దాయన. "కాకపోతే దీనికి అంతు లేదు."

"పైనుంచి చూపిస్తా ఉండు నాన్నా," అంటూ కొడుకు జూనిపర్ చెట్టు పక్కన బండ మీద కూర్చుని బ్యాగు జిప్పు లాగాడు.

దగ్గరికెళ్ళి చూద్దాం. అరచేతిలో పట్టే బూడిదరంగు డ్రోన్. ముందు రెండు కాళ్ళు పక్కకి విప్పాడు, వెనక రెండూ కిందినుంచి తిప్పాడు, ఒక్కొక్కటీ టక్కుమని కూర్చుంది. కెమెరా మీది ప్లాస్టిక్ మూత ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పక్కన సన్నటి అక్షరాలు: 249 గ్రా. ఆ అంకె ఊరికే రాలేదు. సరదాకి ఎగరేసుకునేవాళ్ళు సైతం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ దగ్గర నమోదు చేయించాలి. 5 డాలర్లు, మూడేళ్ళకోసారి. ఒక్క గ్రాము తగ్గితే ఆ బాధ లేదు. అందుకే తూచి మరీ తయారుచేసిన సరుకిది.

"దీనికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఆన్‌లైన్ టెస్టు కూడా పాసయ్యా. 400 అడుగులు దాటకుండా, కంటికి కనపడేంత దూరంలో ఎగరేస్తే చాలు," అని వాళ్ళ నాన్నకు ధైర్యం చెబుతున్నాడు.

ఒక్కో మాటా నిజమే. కుర్రాడు అడ్డగోలు మనిషి కాదు, రూల్సు చదువుకునే వచ్చాడు. చదివింది ఆకాశం రూల్సు, అక్కడే వచ్చింది తంటా.

ప్రొపెల్లర్లు తిరిగాయి. బండ మీది ఎర్రదుమ్ము మన ప్యాంట్ల మీదికొచ్చింది. డ్రోన్ తల ఎత్తుకు లేచి ఆగింది. అంతవరకూ గాలి హోరు, ఎక్కడో ఒక కాకి అరుపు తప్ప చప్పుడు లేని చోట ఇప్పుడు గదిలో కందిరీగ దూరినట్టుంది. కమ్మీ పొడుగునా తలలు ఒకటొకటిగా ఇటు తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. ట్రైపాడ్ పెట్టుకున్న ముసలాయన మాత్రం కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సర్, ముందు దాన్ని నిదానంగా కిందికి దింపండి." బూడిదరంగు చొక్కా, చుట్టూ అంచున్న గట్టి టోపీ. రేంజరమ్మ ఎప్పుడొచ్చిందో మనమూ చూసుకోలేదు. గొంతు పెంచలేదు. డ్రోన్ దిగి, రెక్కలు ఆగి, బ్యాటరీ బయటికొచ్చేదాకా ఇంకో మాట మాట్లాడలేదు.

కుర్రాడు మొదట చెప్పింది మనం అనుకున్నదే: 249 గ్రాములు. ఆవిడకిది రోజూ వినే పాటలా ఉంది, తలూపింది. ఆకాశం ఎఫ్‌ఏఏది, బరువు లెక్కలూ వాళ్ళవే. కానీ మీరు నిలబడ్డ బండ నేషనల్ పార్క్ సర్వీసుది. ఈ నేల మీద నుంచి డ్రోన్ లేపకూడదు, ఈ నేల మీద దింపకూడదు, ఇక్కడ నిలబడి నడపకూడదు. నేల సంగతి చెప్పే రూలు డ్రోన్ బరువు అడగదు.

2014 జూన్‌లో అప్పటి పార్క్ సర్వీసు డైరెక్టర్ జొనాథన్ జార్విస్ ఇచ్చిన ఆదేశం అది. ఎవరి పార్కులో వాళ్ళు డ్రోన్లను మూసివేత ఉత్తర్వుల్లో చేర్చండని సూపరింటెండెంట్లకు రాశాడు. 400కు పైగా ఉన్న పార్కులూ స్మారకాలూ దాని కిందికి వచ్చాయి. పూర్తిస్థాయి నిబంధన తయారయ్యేదాకా తాత్కాలికం అన్నారు. పుష్కరకాలం కావస్తున్నా అదే నడుస్తోంది. గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా. అంత దాకా వెళ్ళడం అరుదు గానీ, కాగితం మీద అది నేరమే, పార్కింగు చలానా కాదు. వీసా మీద ఉన్నవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవడం మంచిది.

అసలా ఆదేశం పుట్టడానికి ఒక కారణం ఇదే లోయ. 2014 ఏప్రిల్‌లో జనం ఇలాగే సూర్యాస్తమయం చూస్తుంటే ఒక డ్రోన్ రొద పెడుతూ అటూ ఇటూ తిరిగి, చివరికి లోయలో కూలింది. అదే నెలలో యూటాలోని జయాన్ పార్కులో మరో డ్రోన్ కొండగొర్రెల మందను బెదరగొట్టి పిల్లల్ని తల్లుల నుంచి విడదీసిందని వాలంటీర్లు చెప్పారు. నిషేధం వచ్చాక కూడా, ఆ ఆగస్టులోనే, యెల్లోస్టోన్‌లో ఒక విదేశీ యాత్రికుడి డ్రోన్ గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీటి బుగ్గలో పడింది. బుగ్గ అంటే చిన్నదేం కాదు, 370 అడుగుల వెడల్పు. కోర్టు అతని చేత 3,000 డాలర్లకు పైగా కట్టించింది.

పెద్దాయన ఇవన్నీ విని, మెల్లగా అందుకున్నాడు. "అదంతా సరేలే. మధ్యాన్నం అంత పెద్ద హెలికాప్టర్ గిరగిరా తిరిగె. దానికి లేని అడ్డు నా కొడుకు బొమ్మకెందుకో అడుగు."

కొడుకు మొహమాటపడుతూనే అడిగాడు. న్యాయమైన ప్రశ్న, నా ఓటూ పెద్దాయనకే. డబ్బు కట్టినవాడి చప్పుడు చప్పుడు కాదా? రేంజరమ్మ ఏమీ నొచ్చుకోలేదు. ఆ గొడవ ఇక్కడ పాతదేనట: 1987లో కాంగ్రెస్ చట్టం చేసింది, దాని కింద టూరు విమానాలకు దారులు గీశారు, లోయలో చాలా భాగం మీద ఎగరనివ్వకుండా కట్టడి చేశారు. ఈ తూర్పు దారిలో వేసవిలో సాయంత్రం ఆరు తర్వాత, చలికాలం ఐదు తర్వాత టూరు విమానం ఉండకూడదు. అందుకే ఈ వేళ ఆకాశం ఖాళీగా ఉంది.

"అదిగో," అని ఆవిడ చెయ్యి చాపింది. ఉత్తరంగా, చిన్న కొలరాడో వచ్చి పెద్ద కొలరాడోలో కలిసే వైపు. ఆ ఎర్రటి బోడికొండల్లో ఒకటి టెంపుల్ బ్యూట్, ఇంకోటి చువార్ బ్యూట్. 1956 జూన్ 30, శనివారం. లాస్ ఏంజెలెస్ నుంచి మూడు నిమిషాల తేడాతో బయల్దేరిన రెండు ప్రయాణికుల విమానాలు, టీడబ్ల్యూఏది ఒకటి, యునైటెడ్‌ది ఒకటి, 21,000 అడుగుల ఎత్తున గుద్దుకుని ఆ కొండల మీద పడ్డాయి. 128 మంది, ఒక్కరూ మిగల్లేదు. అప్పట్లో ఇక్కడ పైలట్లు ఒకళ్ళనొకళ్ళు కంటితో చూసుకుని తప్పుకోవాల్సిందే. ఎందుకు చూసుకోలేకపోయారన్నదానికి దర్యాప్తు రాసిన కారణాల్లో ఒకటి, ప్రయాణికులకు లోయ అందం చూపించే ప్రయత్నం అయ్యుండొచ్చని. ఆ ప్రమాదం రేపిన గగ్గోలుతోనే 1958 చట్టం వచ్చింది, దానితోనే ఎఫ్‌ఏఏ పుట్టింది. కుర్రాడు బరువు లెక్క చెప్పిన శాఖ పుట్టుక వెనకున్న కథ ఈ కమ్మీ దగ్గర నిలబడితే కనిపిస్తుంది.

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టేసి ఆ కొండల వైపే చూస్తున్నాడు.

ఆవిడ వివరం రాసుకుంటూనే ఇంకో సంగతి చెప్పింది, కాస్త చిరాకు కలిసిన గొంతుతో. ఈ పార్కు దగ్గరే సొంత డ్రోన్లున్నాయి, దారి తప్పినవాళ్ళను వెతకడానికి. మనిషి పడిపోతే హెలికాప్టర్ లోయలోకి దిగాలి. అలాంటప్పుడు ఎవరిదో తెలియని డ్రోన్ గాల్లో కనపడితే పైలట్ దిగడు. కింద కాలు విరిగి పడున్నవాడు ఎదురుచూడాలి.

కాండార్ల సంగతి ఆవిడ ఎత్తలేదు, నేను చెప్తాను. తొమ్మిదిన్నర అడుగుల రెక్కల రాబందు అది. 1982లో ప్రపంచం మొత్తం మీద 22 మిగిలాయి. 1996 నుంచి ఈ చుట్టుపక్కల వదులుతూ వస్తున్నారు. రెక్క మీద నంబరు బిళ్ళతో ఈ గోడల వెంబడే తేలుతుంటాయి, ఈ గోడల గుహల్లోనే గుడ్డు పెడతాయి. అంచు నుంచి 200 అడుగులు ముందుకు పోయిన డ్రోన్ సరిగ్గా వాటి దారిలోనే ఉంటుంది.

కాగితం చింపి ఇచ్చింది. హెచ్చరిక మాత్రమే. లేచి ఒక నిమిషం కాలేదు, చెప్పగానే దించాడు. ఇంకొకరైతే జరిమానా రాసేవారేమో, అది రేంజర్ ఇష్టం.

"మరి ఎక్కడ ఎగరేసుకోవచ్చు?" అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే. పార్కు హద్దు దాటాక కైబాబ్ జాతీయ అడవి ఉంది. అది వేరే శాఖ కింది నేల, వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన భాగాలు తప్పిస్తే ఇలాంటి గుండుగుత్త నిషేధం లేదు. అయితే టుసాయాన్ ఊరి పక్కనే విమానాశ్రయం, దాని చుట్టూ ఎగరేయాలంటే ఎఫ్‌ఏఏ అనుమతి ముందే తీసుకోవాలి. అక్కడ నేల సరే అంటుంది, ఆకాశం అడ్డు చెబుతుంది.

"రేపు పేజ్ పోతున్నాం. హార్స్‌షూ బెండ్. అది ఈ పార్కులోది కాదు కదా?"

"కాదు. గ్లెన్ క్యానియన్‌ది. అదీ మా సర్వీసుదే," అని నవ్వింది. కారు పెట్టే చోటు మాత్రం ఊరి మున్సిపాలిటీదట. టిక్కెట్టు వాళ్ళు తీసుకుంటారు, నడుచుకుంటూ పోతే హద్దు ఎప్పుడు దాటామో తెలియదు.

"ఆంటిలోప్ క్యానియన్?"

"నవాహో వాళ్ళ నేల. వాళ్ళ రూలు వాళ్ళది. అక్కడా కుదరదు."

ఇంగ్లీషు ఎంత అర్థమైందో గానీ వాళ్ళమ్మకు విషయం బోధపడింది. కెమెరా మూత కోసం కొడుకు జేబు తడుముతూ, "లోపల పెట్టెయ్ నాన్నా. మీ నాయన బురుజెక్కుతానంటున్నాడు, మెట్లు ఎక్కువున్నాయంట, పట్టుకోని పో," అంది.