ఎతెల్ అద్నాన్: చేతికి వచ్చిన అరబ్బీ

తండ్రి ఒక అరబ్బీ-తుర్కీ వ్యాకరణ పుస్తకం తెరిచి కూతురి ముందు పెట్టేవాడు. చూసి రాయమనేవాడు. ఆ పిల్ల అక్షరాలను పొందిగ్గా దించేది. అర్థం తెలిసేది కాదు. అయినా ఆ రాయడమంటే ఆమెకు ఎంతో ఇష్టం. ఎతెల్ అద్నాన్ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు మొదట ఆ పిల్లే గుర్తొస్తుంది.

ఆమె 1925 ఫిబ్రవరి 24న బీరూట్‌లో పుట్టింది. తండ్రిది డమాస్కస్. ముస్లిం, ఒట్టోమన్ సైన్యంలో అధికారి. తల్లి స్మిర్నా నుంచి వచ్చిన గ్రీకు క్రైస్తవురాలు. సామ్రాజ్యం కూలి ఆయన కొలువు పోయింది. 1922 మంటల్లో తల్లి ఊరు స్మిర్నా పోయింది. ఇంట్లో తుర్కీ, గ్రీకు. వీధిలో అరబ్బీ. బడి మాత్రం ఫ్రెంచి సన్యాసినులది. అక్కడ అరబ్బీ మాట నోట వస్తే శిక్ష. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే కాన్వెంట్లలో చదివినవాళ్లకు ఆ అవమానం గురించి వేరే చెప్పక్కర్లేదు.

అలా ఫ్రెంచి ఆమె కవిత్వ భాష అయింది. ఇరవై ఏళ్లప్పుడు సముద్రం మీద దీర్ఘకవిత రాసింది. అందులో సముద్రం స్త్రీ, సూర్యుడు పురుషుడు. అదంతా వాళ్ల ప్రేమే. ఫ్రెంచి వ్యాకరణంలో లింగాలు అలాగే ఉంటాయి. అరబ్బీలో తారుమారు. కాబట్టి ఆ కవితను అరబ్బీలోకి తేవడం కుదరదని ఆమే రాసింది. సొంత ఊరి సముద్రాన్ని సొంత ఊరి భాషలో చెప్పలేకపోవడం ఎంత బాధో!

సొర్బోన్‌లో, తర్వాత 1955 నుంచి బర్కిలీ, హార్వర్డ్‌లలో తత్వశాస్త్రం చదివింది. 1958లో కాలిఫోర్నియాలోని శాన్ రఫాయెల్‌లో అధ్యాపకురాలైంది. అల్జీరియాలో ఫ్రాన్సు యుద్ధం సాగుతున్న రోజులవి. ఫ్రెంచిలో కవిత్వం రాయడానికి మనసొప్పలేదు. కళాతత్వం బోధిస్తూ బొమ్మలు వేయవేమని సహోద్యోగిని, చిత్రకారిణి ఆన్ ఓహాన్లన్ అడిగింది. నా చేతులకు పనితనం లేదని అమ్మ అనేదని ఎతెల్ జవాబు. ఆ మాట నమ్మేశావా అందట ఆవిడ. అప్పుడు మొదలైంది చిత్రకళ. ఇక అరబ్బీలో బొమ్మలు వేస్తానంది ఎతెల్. 1960లలో మడతలు విప్పుకుంటూ పోయే జపాను కాగితపు పుస్తకాలు దొరికాయి. వాటిలో అరబ్బీ కవుల పంక్తులను చేత్తో రాసి, పక్కన రంగులద్దింది. బద్ర్ షాకిర్ అల్-సయ్యాబ్ కవిత అలా ఆమె కాగితం మీదికి వచ్చింది. చిన్నప్పుడు నాన్న ఎదుట చేసిన పనే కదా ఇది!

వియత్నాం యుద్ధం ఆమెను ఇంగ్లీషు కవిని చేసింది. 1972లో బీరూట్ తిరిగివచ్చి పత్రికల్లో సాంస్కృతిక పేజీలు చూసింది. 1975లో అంతర్యుద్ధం. చెవిటి పిల్లలకు చదువు చెప్పే మేరీ రోజ్ బూలోస్‌ను ఫలాంజిస్టులనే క్రైస్తవ దళపు సాయుధులు ఎత్తుకెళ్లి చంపారు. ఆ ఘటన 1977లో ‘సిత్ మేరీ రోజ్’ నవలగా పారిస్‌లో వెలువడింది. నవలకు పేరెక్కువ వచ్చినా, ఆమె శక్తి పూర్తిగా కనిపించేది 1980 నాటి ‘అరబ్ ప్రళయం’లోనే అని నా నమ్మకం. 59 కవితలు, అన్నిటిలో సూర్యుడు. వాక్యం నడుమ మాట తెగిపోతుంది. ఆ చోట ఒక గీత, ఒక బాణం, ఒక సున్న. ఏ భాషా చాలనప్పుడు చెయ్యి చేసిన పని అది.

తర్వాతి ఏళ్లలో ఎక్కువ కాలం కాలిఫోర్నియాలోని సాసలీటోలో, సహచరి సిమోన్ ఫత్తాల్‌తో గడిపింది. అక్కడి టమాల్పైస్ కొండను ఎన్నిసార్లు గీసినా తనివి తీరలేదు. చిత్రకారిణిగా ప్రపంచం ఆమెను గుర్తించింది 2012లో, జర్మనీలోని డాక్యుమెంటా కళాప్రదర్శనలో. అప్పటికి 87 ఏళ్లు.

2003 అక్టోబరు 27న ట్యునీషియా కవి ఖాలెద్ నజ్జార్ నుంచి ఒక పోస్టుకార్డు అందింది. దానికి బదులుగా కవితలు రాసింది, ఎప్పుడో పక్కనపెట్టిన ఫ్రెంచిలో. వాటితో మొదలైన ‘టైమ్’ సంపుటికి, సారా రిగ్స్ ఇంగ్లీషు అనువాదంలో, 2020లో గ్రిఫిన్ కవిత్వ బహుమతి వచ్చింది. మరుసటి ఏడు నవంబరు 14న పారిస్‌లో, 96 ఏళ్ల వయసులో, ఎతెల్ కన్నుమూసింది.