చారల గుర్రం రోడ్డెక్కిన కథ

మా వీధి మొగలో జీబ్రా గీతలు సగం అరిగిపోయాయి. మొన్న ఒక పెద్దావిడ కూరగాయల సంచీ చంకలో ఇరికించుకుని, కుడిచెయ్యి బండ్లకేసి చాచి, "ఆగు నాయనా, ఆగు" అంటూ దాటుతోంది. ఆవిడ నమ్ముకున్నది గీతల్ని కాదు, ఆ చేతిని. నడిచేవాళ్లకు దారి చూపడానికే ఆ గీతలని మనం అనుకుంటాం. నిజానికి అవి పుట్టింది బండివాడి కంటికి ఆనడం కోసం.

1896 ఆగస్టు 17న లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో, ప్రదర్శనకని తిప్పుతున్న కారు గుద్ది బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే 44 ఏళ్ల ఆవిడ చనిపోయింది. బ్రిటన్‌లో పెట్రోలు కారుకు బలైన తొలి పాదచారి ఆమే. గంటకు 4 మైళ్ల వేగంతోనే నడిపానన్నాడు డ్రైవరు. అంటే కాస్త చురుకైన నడక! ప్రమాదవశాత్తు మరణమని తేల్చేశారు.

1934 నాటికి అక్కడ ఏడాదికి 7 వేల మందికి పైగా రోడ్డు మీద పోతున్నారు, అందులో సగం మంది నడిచేవాళ్లే. రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా దాటే చోట్ల నలుపు తెలుపు పట్టెల స్తంభాలు నాటించి, వాటి నెత్తిన నారింజ రంగు గాజుబుడ్లు పెట్టించాడు. కుర్రకారుకి అవి గుబురుకొమ్మన మామిడిపళ్లలా కనిపించాయో ఏమో, రాళ్లేసి చాలావాటిని పగలగొట్టారు. దాటే చోటుకు గుర్తుగా రోడ్డులో దిగ్గొట్టిన లోహపు మేకులతో ఇంకో చిక్కు: బాగా దగ్గరికొస్తే తప్ప డ్రైవరుకు కనపడేవి కావు.

అందుకని 1949లో గీతలు గీసి చూశారు. నీలం, పసుపు కూడా వేసి చూసి, చివరికి నలుపు తెలుపుల దగ్గర ఆగారు. 1951 అక్టోబరు 31న స్లౌ పట్టణంలో మొదటి జీబ్రా వెలిసింది. తర్వాత ప్రధాని అయిన జేమ్స్ కాలహానే ఆ పేరు పెట్టాడంటారు. పేరెవరిదైతేనేం, అసలు సత్తా రంగులో లేదు, దానికి జతపడ్డ నిబంధనలో ఉంది: గీతల మీద మనిషి కాలు పెట్టాడంటే బండి ఆగి తీరాలి.

మన 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలూ ఆ మాటే చెబుతాయి, సిగ్నల్ లేని చోట సైతం. 2022లో దేశంలో 32,825 మంది పాదచారులు చనిపోయారు. మొత్తం రోడ్డు మరణాల్లో దాదాపు ఐదోవంతు.

పెద్దావిడ అవతలి గట్టుకు చేరి చెయ్యి దించింది. బ్రేకు వేయాల్సొచ్చిన ఆటో అబ్బాయి తల బయటికి పెట్టి, "చూసుకుని దాటొద్దా అమ్మా!" అని కసిరి వెళ్లిపోయాడు. ఆటో ముందు చక్రం గీతల మీదే ఉంది.