సూక్ష్మ ఎలక్ట్రానిక్స్ పరిశోధనకు ప్రభుత్వ నిధులు

కోరుకొండ (తూర్పు గోదావరి జిల్లా): సెమీకండక్టర్ రంగాభివృద్ధికి 76,000 కోట్ల రూపాయలతో కార్యక్రమాన్ని చేపట్టేందుకు 2021 డిసెంబరు 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపిన నాటి నుంచి, అందులో ఈ ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలలకు ఎంత లభిస్తుందన్న ప్రశ్న పలుమార్లు వినవస్తున్నది. కోరుకొండ, పరిసర మండలాల విద్యార్థులు పలువురు రాజానగరం వైపు కళాశాలలలో ఎలక్ట్రానిక్స్ అభ్యసిస్తున్నందున ఈ ప్రశ్న సహజమే. అయితే ఆ మొత్తాన్ని పరిశోధన నిధిగా పేర్కొనడం సరికాదు. అందులో సింహభాగం చిప్ కర్మాగారాలు, ప్యాకేజింగ్ యూనిట్ల స్థాపనకు మూలధన సాయంగా ఉద్దేశించినది. పరిశోధన, నైపుణ్య శిక్షణలకు పథకం కేటాయింపులో రెండున్నర శాతం వరకు వినియోగించుకునే వెసులుబాటు కల్పించారు. జిల్లాల వారీ కేటాయింపు అన్నది ఇందులో లేదు.

ఈ రంగంపై ప్రభుత్వ దృష్టి ఈనాటిది కాదు. 1963లో హోమీ భాభా అధ్యక్షతన కేంద్రం నియమించిన ఎలక్ట్రానిక్స్ కమిటీలో విక్రమ్ సారాభాయ్‌తో పాటు ఇద్దరు తెలుగు శాస్త్రవేత్తలు సభ్యులుగా ఉన్నారు. ఒకరు డాక్టర్ సూరి భగవంతం, రెండవవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన డాక్టర్ ఎ.ఎస్.రావు. 1966 నాటి ఆ కమిటీ నివేదిక దేశ ఎలక్ట్రానిక్స్ విధానానికి పునాది అయినది. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినప్పుడు దాని నిర్మాణ బాధ్యతను రావు గారే స్వీకరించారు. గోదావరి జిల్లాల పాఠకులకు ఈ విషయం అంతగా తెలియకపోవడం విచారకరం.

చిప్‌ల తయారీకి కేంద్రం మొహాలీలో నెలకొల్పిన సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1980 దశకంలో ఉత్పత్తి ప్రారంభించినప్పటికీ, 1989 ఫిబ్రవరి 7న సంభవించిన అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నది. పునరుద్ధరణకు ఏళ్లు పట్టింది. అనంతరం అది పరిశోధన సంస్థగా మారి అంతరిక్ష శాఖ కిందకు, అటుపిమ్మట ఎలక్ట్రానిక్స్, ఐ.టి. మంత్రిత్వ శాఖ కిందకు వచ్చినది.

ఉమ్మడి రాష్ట్రంలో 2006లో హైదరాబాదు సమీపాన ఫ్యాబ్ సిటీకి సుమారు 1200 ఎకరాలను ప్రభుత్వం ప్రతిపాదించింది. 2007 మార్చిలో కేంద్రం ప్రకటించిన ప్రత్యేక ప్రోత్సాహక పథకం కింద ప్రత్యేక ఆర్థిక మండలాలలో 20 శాతం, వాటి వెలుపల 25 శాతం మూలధన సాయం లభించేది. అయినా అక్కడ చిప్ కర్మాగారం రాలేదు. సౌరవిద్యుత్ పరికరాల సంస్థలు వచ్చాయి. వేల కోట్ల పెట్టుబడికి ఆ శాతాలు చాలలేదనే చెప్పవలసి ఉంటుంది. 2022 సెప్టెంబరులో సవరించిన ప్రస్తుత పథకంలో సాయాన్ని 50 శాతానికి పెంచి, పెట్టుబడి పెట్టే కొద్దీ దామాషా ప్రకారం విడుదల చేసే పద్ధతిని అవలంబించారు.

రాష్ట్ర ప్రభుత్వం 2024–29 కాలానికి సెమీకండక్టర్ విధానాన్ని ప్రకటించింది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఒక యూనిట్‌ను ఆమోదించింది. దక్షిణ కొరియాకు చెందిన ఎపాక్ట్ సంస్థ సాంకేతిక సహకారంతో ఏసిప్ సంస్థ దీనిని నెలకొల్పనున్నది. సామర్థ్యం ఏటా 9.6 కోట్ల యూనిట్లు. ఇది తయారైన చిప్‌లను తొడుగులో అమర్చే ప్యాకేజింగ్ కేంద్రమే తప్ప చిప్ కర్మాగారం కాదని పాత్రికేయ మిత్రులు గమనించగలరు.

కళాశాలలకు నేరుగా ఉపకరించేది 'చిప్స్ టు స్టార్టప్' కార్యక్రమం. ఐదేళ్లలో 250 కోట్ల రూపాయల వ్యయంతో 85,000 మంది ఇంజనీర్లను తీర్చిదిద్దడం దీని లక్ష్యం. 76,000 కోట్లతో పోల్చితే ఇది స్వల్పమే అయినా, చిప్ రూపకల్పన సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వ్యయాన్ని ఏ ఒక్క కళాశాలా సొంతంగా భరించజాలదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను బెంగుళూరు సి-డాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం నుంచి సంస్థలు తమ ప్రయోగశాలలోనే కూర్చుని వినియోగించుకోవచ్చు. పరిశోధన ప్రాజెక్టులకు నిధులను ప్రతిపాదనల యోగ్యతను బట్టి మంజూరు చేస్తారు. కావున ఎంత వచ్చిందని విచారించే ముందు, ఏ కళాశాల ప్రతిపాదన పంపినదో విచారించడం సముచితం.

విద్యార్థుల రూపకల్పనలను చిప్‌ఇన్ కేంద్రం మూడు నెలలకు ఒకసారి సేకరించి మొహాలీకి పంపుతుంది. అక్కడ 180 నానోమీటర్ల పరిజ్ఞానంతో, ఒకే సిలికాన్ పలకపై పలు సంస్థల చిప్‌లను కలిపి ముద్రించడం వల్ల ఖర్చు పంచబడుతుంది. తయారైన చిప్‌లను ప్యాకేజింగ్ అనంతరం పరీక్షించుకొనేందుకు తిరిగి ఆయా కళాశాలలకే పంపుతారు.